వాల్‌గ్రిండ్ మెమ్‌చెక్: పట్టిచ్చేవి, పట్టివ్వనివి

మాలక్ ఫంక్షన్‌తో తీసుకున్న మెమరీని ఫ్రీ చేయకుండా (తిరిగి ఇచ్చేయకుండా) వదిలేయడం, ఫ్రీ చేసిన చోటనే మళ్లీ చదవడం, విలువ ఇవ్వని వేరియబుల్‌ను ఇఫ్ షరతులో వాడటం వంటి అలవాట్లు సి, సి ప్లస్ ప్లస్ కోడ్‌లో ఏళ్ల తరబడి బయటపడకపోవచ్చు. ఎందుకంటే ప్రోగ్రాం అప్పటికి సరిగానే నడుస్తున్నట్టు ఉంటుంది. జూలియన్ సీవర్డ్ రూపొందించగా 2002లో వెలువడిన ఉచిత సాధనం వాల్‌గ్రిండ్. అందులోని మెమ్‌చెక్ ఈ తప్పులు ఏ లైన్‌లో జరిగాయో చూపే తీరు నేటికీ మెచ్చదగినదే.

దాని అసలు బలం విలువ ఇవ్వని మెమరీని పట్టుకోవడంలో ఉంది. ప్రతి బిట్‌కూ విలువ పడిందో లేదో అది విడిగా లెక్క ఉంచుకుంటుంది. అటువంటి విలువను కాపీ చేసినంత మాత్రాన ఊరుకుంటుంది గాని, ప్రోగ్రాం నడక దానిపై ఆధారపడగానే ఫిర్యాదు చేస్తుంది. ట్రాక్ ఆరిజిన్స్ ఆప్షన్ ఇస్తే ఆ విలువ పుట్టిన చోటునూ చెబుతుంది, కాకపోతే అసలే 10 నుంచి 30 రెట్లు నెమ్మదించిన ప్రోగ్రాం ఇంకా నెమ్మదిస్తుంది.

పరీక్షలో అమలు కాని కోడ్ గురించి మాత్రం ఇది ఏమీ చెప్పలేదు. తీసుకున్న మెమరీ సైజు మార్చే రియలాక్ ఫలితాన్ని పాత పాయింటర్‌లోనే వేసుకుని, అది విఫలమైతే పాత మెమరీ చిరునామానే పోగొట్టుకునే దురలవాటు, మెమరీ దొరకని సందర్భం పరీక్షలో ఎదురైతే తప్ప, దీని కంట పడదు. స్టాక్‌పై (ఫంక్షన్ల లోకల్ వేరియబుల్స్ ఉండే మెమరీలో) ఉన్న అరే హద్దు దాటడాన్నీ ఇది పట్టుకోదు. అందుకు సుమారు రెండు రెట్ల నెమ్మదితో సరిపెట్టే అడ్రస్ శానిటైజర్ (కంపైలర్‌తో వచ్చే మెమరీ తనిఖీ సాధనం) మేలు, అయితే దానికోసం కోడ్‌ను మళ్లీ కంపైల్ చేయాలి.

రిపోర్టును అర్థం చేసుకోకుండా హెచ్చరికను మాయం చేయడమే లక్ష్యంగా పెట్టుకుంటే ఏమవుతుందో లినక్స్ పంపిణీ అయిన డెబియన్ ఉదంతం చూపింది. 2006లో ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్ఎస్ఎస్ఎల్‌పై వాల్‌గ్రిండ్ చేసిన ఫిర్యాదును ఆపడానికి తీసేసిన లైన్ల వల్ల రహస్య కీల తయారీలో ఉండాల్సిన యాదృచ్ఛికత దాదాపు పోయి, ఒక్కో రకం, సైజు కీకి సుమారు 32 వేల అవకాశాలే మిగిలాయి. ఆ సంగతి 2008 మేలో గాని బయటపడలేదు. తప్పు సాధనానిది కాదు. కారణం వెతకకుండా మెమ్‌సెట్ ఫంక్షన్‌తో మెమరీ అంతటినీ సున్నాలతో నింపేసేవారిదీ నా దృష్టిలో అదే దారి.

రోజువారీ పరీక్షలకు శానిటైజర్‌నూ, విడుదలకు ముందు తీరిగ్గా నడిపే పరీక్షకు మెమ్‌చెక్‌నూ నేను సూచిస్తాను. విండోస్‌పై ఇది నేరుగా నడవదు.