నెమలి పురి చప్పుడు వినాలంటే హైదరాబాద్‌లో ఎక్కడికెళ్లాలి?

నెమలిని చూడటం హైదరాబాద్‌లో పెద్ద పనేం కాదు. జతకట్టే రోజుల్లో అది చేసే చప్పుడు వినడమే కష్టం. ఈ తొలకరికి అక్కా నేనూ అందుకోసమే తిరిగాం.

ముందు కేబీఆర్ పార్కు. జూబ్లీహిల్స్‌లో ఉంటుంది కాబట్టి మెట్రో దగ్గరే, కానీ తెల్లారేసరికి గేటు దగ్గరుండాలంటే క్యాబే దిక్కు. లోపల మట్టిబాట పక్కనే ఓ మగనెమలి పురి విప్పింది. ఇంకాస్త దగ్గరికి జరగబోతే అక్కడి గార్డు, "ఆడనే ఆగుండ్రి అమ్మా, దగ్గరికి పోతే పురి మూస్తది" అన్నాడు. ఆగాం. ఎండిన తాటాకుల మీద చినుకులు పడుతున్నట్టు గలగల. పురి వెనక ఆసరాగా ఉండే పొట్టి ఈకలే అసలు తోక. అవి ఆడుతూ పొడుగు ఈకలకు తగలడం వల్ల వచ్చే చప్పుడది. సెకనుకు దాదాపు 25 సార్లు ఆడతాయి. అంత వణుకులోనూ పింఛం కళ్లు మాత్రం కదలనట్టే ఉంటాయి, ఎందుకంటే అక్కడి ఈకపోగులు సన్నని కొక్కేలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఈ ఆటలో 20 హెర్ట్జ్‌ కంటే తక్కువ, అంటే మన చెవికి అందని ధ్వని కూడా పుడుతుందని పరిశోధకులు రికార్డు చేశారు. తోక ఈకలు ఆడే ఆ 25 సార్ల వేగానికి దగ్గర్లోనే నెమళ్ల తలమీది కుచ్చు కూడా బాగా కంపిస్తుందని 2018లో మరో పరిశోధన వచ్చింది. అంటే ఆడనెమలి ఆ చప్పుడును కుచ్చుతో కూడా పట్టుకుంటుందేమో! అక్కడ నిలబడి ఇది తలచుకుంటే ఒళ్లు పులకరించింది.

ఎండెక్కాక మాత్రం రోడ్డు మీది హారన్లలో ఆ గలగల వినపడదు. మెడెత్తి అరిచే కేక ఒక్కటే వాటిని దాటి వస్తుంది.

కొత్తగూడ బొటానికల్ గార్డెన్ కుటుంబాలకు బాగుంటుంది. అక్కడ కంసాలి పిట్ట ముక్కు మూసుకునే "టుక్ టుక్" అంటోంది. ప్రతి దెబ్బకీ గొంతు ఉబ్బుతుంది. తల అటూ ఇటూ తిప్పుతూ కూయడంతో, ఎక్కడ కూర్చుందో కనుక్కోవడానికి అక్క చెట్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది.

నాకు బాగా నచ్చింది వికారాబాద్ దగ్గరి అనంతగిరి. బస మాత్రం మిశ్రమం. గది శుభ్రం, జొన్నరొట్టె బ్రహ్మాండం, కానీ అర్ధరాత్రిదాకా డీజే. తగ్గించమంటే "వీకెండ్ కదా మేడమ్" అన్నారు. తెల్లవారుజామున జెముడు కాకులు మొదలెట్టాయి, "ఊప్ ఊప్ ఊప్" అని. తల వంచి, గుండెల్లోంచి తీసినంత లోతైన గొంతు. అలాంటి మంద్రధ్వని ఆకులూ కొమ్మలూ అడ్డొచ్చినా అంతగా చెదరదు, అందుకే లోయ అవతలిదాకా పోతుంది. ఒకటి అంటే ఇంకోటి అందుకుంటుంది. చాలా జంటల్లో ఆడదాని గొంతే మరింత మంద్రం.

నెమలి కోసమైతే పనిదినాన పొద్దున్నే కేబీఆర్. రాత్రి ఉండగలిగితే అనంతగిరి, అదీ సోమవారం నుంచి గురువారం లోపు. బుక్ చేసేటప్పుడే స్విమ్మింగ్ పూల్ వైపు గది వద్దని, అడవి వైపుది కావాలని ఫోన్‌లో గట్టిగా చెప్పండి.