సొంత క్లినిక్కా, పీహెచ్‌సీనా, కాలేజీనా: కుటుంబ వైద్యుడికి ఏది మేలు?

హౌస్ సర్జన్సీ ముగించి ఫ్యామిలీ మెడిసిన్ వైపు రావాలనుకునే డాక్టరుకు నెల్లూరు, ప్రకాశం ప్రాంతంలో మూడు దారులున్నాయి. కావలిలోనో పొదిలిలోనో సొంత క్లినిక్ పెట్టుకోవచ్చు, పీహెచ్‌సీలో (ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) చేరవచ్చు, పీజీ చేసి మెడికల్ కాలేజీకి వెళ్లవచ్చు. డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్యాధికారి) కుర్చీ విడిగా ఇంకో దారి కాదు, పీహెచ్‌సీ దారి చివర వచ్చేదే.

నేర్చుకోవడానికైతే పీహెచ్‌సీని మించింది లేదు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ల వల్ల ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌నే చూడండి. మన దేశంలో దాని మీద 1937లో అచ్చయిన తొలి నివేదిక నెల్లూరు జిల్లా పల్లెల గురించే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోవే. ప్రకాశం ఏర్పడింది 1970లో. నడుము, మెడ బిగుసుకుపోయిన మనిషి క్లినిక్‌కి వస్తే డాక్టరుకు కనిపించేది ఆ ఒక్కడే. పీహెచ్‌సీలో అయితే ఏఎన్‌ఎం, ఆశాల ద్వారా అదే బోరు నీళ్లు తాగే వీధంతా తెలుస్తుంది. నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే వైద్యం మొదలవ్వాల్సింది బోరు దగ్గరే. ఆ నొప్పులకు ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్ మింగి కిడ్నీలు పాడుచేసుకునేవాళ్లుంటారు. అందుకే నొప్పి బిళ్లలు రోజుకెన్ని, ఎన్నాళ్లుగా అని అడగాలి. బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ చూడాలి.

పాముకాటు సంగతీ ఇంతే. పొడి గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, గడ్డకట్టిందా అని వంచి చూడాలి. గొట్టాన్ని సబ్బు పొడితో కడిగినా, ప్లాస్టిక్‌ది వాడినా రక్తం గడ్డకట్టక, లేని విషం ఉన్నట్టు చూపిస్తుంది. శుభ్రమైన గాజులో కూడా గడ్డకట్టకపోతే 10 వయల్స్ ఏఎస్‌వీ (పాము విషానికి విరుగుడు మందు) సెలైన్‌లో కలిపి సుమారు గంటలో ఎక్కించాలి. రియాక్షన్ వస్తే తొడ కండరానికి ఇవ్వడానికి 0.5 మిల్లీగ్రాముల అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. ఇదంతా రాత్రి డ్యూటీ నర్సుకు నేర్పడం బోధన కాక మరేమిటి?

పీహెచ్‌సీకి లోపాలూ ఉన్నాయి. ఆన్‌లైన్ నమోదులు, రివ్యూ మీటింగులు ఓపీ సమయాన్ని తినేస్తాయి. రోగులతో పరిచయం కుదురుకునేసరికి బదిలీ వస్తుంది. అన్నిటికన్నా నష్టం చేసేది మందుల కొరత. బీపీ బిళ్లలు నెలకు ఇవ్వాల్సింది పది రోజులకే ఇస్తే, కూలి పోగొట్టుకుని నెలకు మూడుసార్లు ఎవరొస్తారు? 400 మంది రోజుకో ఆమ్లోడిపిన్ వేసుకుంటుంటే నెలకు 12,000, మూడు నెలలకు 36,000 బిళ్లలు. పాత ఇండెంటునే (మందులు కావాలని పంపే పట్టీనే) మళ్లీ పంపకుండా, రిజిస్టరులోని మనుషుల్ని లెక్కపెట్టి, దాని మీద నాలుగో వంతు కలిపి పంపాలి.

సొంత క్లినిక్ బలం బదిలీ లేకపోవడం. తాత షుగరు, కోడలి థైరాయిడ్, మనవడి ఆయాసం ఒకే డాక్టరుకు తెలిసి ఉంటాయి. ఇంటికో నంబరు ఇచ్చి కేసు షీట్లన్నీ ఒకే ఫైల్లో పెడితేనే ఆ బలం నిలుస్తుంది; చీటీ రాసిచ్చి పంపేస్తే ఇరవై ఏళ్ల ప్రాక్టీసులోనూ ఏమీ మిగలదు. ప్రైవేటు వైద్య సంస్థల 2002 చట్టం కింద డీఎంహెచ్‌ఓ దగ్గర రిజిస్ట్రేషన్, బయోమెడికల్ వ్యర్థాలు తీసుకెళ్లే సంస్థతో ఒప్పందం తప్పనిసరి. అసలు పరీక్ష మొదటి ఏడాదిలో వస్తుంది: జ్వరానికల్లా సూది, సెలైన్ అడుగుతారు, రోగిని పంపిన ఆర్‌ఎంపీ కమీషన్ అడుగుతాడు. ఆ రెండింటికీ మొదటి రోజే కాదనాలి. ఒకసారి ఇస్తే తర్వాత ఆపలేరు.

కాలేజీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నెల్లూరులో ఏసీఎస్‌ఆర్ ప్రభుత్వ కాలేజీ, నారాయణ, ఒంగోలులో ప్రభుత్వ కాలేజీ ఉన్నాయి. ఆలోచన అటే ఉంటే ఫ్యామిలీ మెడిసిన్‌లో రెండేళ్ల డిప్లొమా కాదు, మూడేళ్ల పీజీ కోర్సు డీఎన్‌బీ చేయాలి. అక్కడ పాఠం బాగా చెప్పవచ్చు, కానీ రోగి డిపార్టుమెంట్ల మధ్య ముక్కలవుతాడు. ఈ వారం చూసిన మనిషి వచ్చే వారం ఇంకొకరి దగ్గర ఉంటాడు. ఇంటర్నులకు కమ్యూనిటీ మెడిసిన్ 12 వారాలు కాబట్టి, వాళ్లు పోస్టింగుకొచ్చే పీహెచ్‌సీ డాక్టరుకు కాలేజీలో చేరకుండానే బోధించే వీలుంటుంది.

కాబట్టి మొదట పీహెచ్‌సీ, అదీ ఒకే చోట కనీసం మూడేళ్లు. ఇన్-సర్వీస్ కోటా (సర్వీసులో ఉన్న ప్రభుత్వ డాక్టర్లకు కేటాయించే పీజీ సీట్లు) మీద ఆశ ఉంటే ఆ ఏడాది జీవో చదువుకోవాలి, శాతాలు మారుతుంటాయి. పరిపాలన ఆ తర్వాతే. బిళ్లలు చాలక రోగి రాకపోవడాన్ని ఓపీలో చూసిన అధికారి ముందు ఇండెంటు గురించి అడుగుతాడు. చూడనివాడు టార్గెట్ ఎందుకు తగ్గిందని మెడికల్ ఆఫీసర్‌ని నిలదీస్తాడు.

ముసలి తల్లిదండ్రుల వల్లో, భార్య లేదా భర్త ఉద్యోగం వల్లో ఊరు కదల్లేనివాళ్లు నేరుగా క్లినిక్ పెట్టుకోవచ్చు. అయితే వారంలో ఒక పూట క్లినిక్ మూసి, తమ రోగులు ఎక్కువగా వచ్చే పల్లెకు వెళ్లి, అక్కడి ఆశాతో కలిసి నాలుగిళ్లు చూసి రావాలి.