విడి ధాన్యం కుప్పను కొలవడానికి ఏది మేలు: అల్ట్రాసోనిక్ సెన్సరా, రాడారా?

రేకుల కప్పున్న గోదాములో విడిగా పోసిన మొక్కజొన్నను కొలిచేందుకు పైన బిగించే ఈ రెండు పరికరాలూ ఒకే సూత్రంపై పనిచేస్తాయి: తరంగాన్ని కిందికి పంపి, అది కుప్పకు తగిలి తిరిగి రావడానికి పట్టిన సమయాన్నిబట్టి దూరాన్ని లెక్కిస్తాయి.

అల్ట్రాసోనిక్ సెన్సర్ పంపేది మన చెవికి వినబడని ధ్వనిని; ధ్వనికి గాలే ఆధారం. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు సుమారు 343 మీటర్లుండే దాని వేగం 40 డిగ్రీల వద్ద 355 మీటర్లకు చేరుతుంది కాబట్టి, సవరణ లేకపోతే 10 మీటర్ల దూరానికి దాదాపు 34 సెంటీమీటర్ల తేడా వస్తుంది. సెన్సర్‌లో సవరణ ఉన్నా, అది సాధారణంగా గ్రహించేది ఎండకు కాగిన రేకు కింది వేడినే తప్ప, కుప్ప మీది గాలిని కాదు. పైగా లారీ నుంచి గింజలు దించేటప్పుడు లేచే దుమ్ము ప్రతిధ్వనిని బలహీనపరుస్తుంది. సరిగ్గా లెక్క కావలసిన వేళకే కొలత తడబడుతుంది.

రాడార్ పంపేది రేడియో తరంగాలను కాబట్టి, దానిపై వేడి, దుమ్ముల ప్రభావం చాలా తక్కువ. 80 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంతో పనిచేసే పరికరం పుంజం విస్తరించే కోణం 4 డిగ్రీలైతే, 10 మీటర్ల కింద అది సుమారు 70 సెంటీమీటర్ల మేరకే పరుచుకుంటుంది కనుక గోడలు, దూలాల నుంచి వచ్చే తప్పుడు ప్రతిఫలనాలు తగ్గుతాయి.

దుమ్ములేని చిన్న తొట్టెకు చవకైన అల్ట్రాసోనిక్ చాలు. గోదాముకు మాత్రం నేను రాడార్‌నే ఎంచుకుంటాను. అయితే కుప్ప శిఖరంగా లేచి పక్కలకు వాలుతుంది కాబట్టి, ఒక్క బిందువు ఎత్తు చాలదు. అనేక సెన్సర్లో, ఉపరితలమంతా స్కాన్ చేసే రాడారో కావాలి. అలా తేలిన ఘనపరిమాణాన్ని టన్నుల్లోకి మార్చడానికి, తేమతో మారే గింజల సాంద్రతను విడిగా కొలవవలసిందే.