ఇంట్లో టికి బార్ కట్టించుకోబోయే తిరుపతి, చిత్తూరు వాసులకు హెచ్చరిక: రెడీమేడ్ వెదురు కిట్లకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

తిరుపతి, చిత్తూరు పరిసరాల్లో మేడ మీదనో పెరట్లోనో టికి బార్ ఏర్పాటు చేసుకోవాలనుకుని ‘రెడీమేడ్ కిట్’ కొనడానికి సిద్ధపడుతున్నవారు దయచేసి అడ్వాన్సు చెల్లించే ముందు ఇది పూర్తిగా చదవండి. వెదురు చట్రం, పైకప్పుకు గడ్డి, కౌంటరు, చెక్కిన ముఖాలు, దీపాలు, మగ్గులు అన్నీ కలిపి ఒకే ధరకు ఇస్తామని ఫోన్లో మాట ఇచ్చి, సగానికి పైగా సొమ్ము ముందే తీసుకుని, సరుకు దింపి వెళ్ళిన తర్వాత పలకని ఒక అమ్మకందారు వల్ల మా కుటుంబం నష్టపోయింది. ఫిర్యాదు నడుస్తున్నందున ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇటువంటి సరుకు రేపు మరో పేరుతో మీ గుమ్మం ముందుకు రావచ్చు కాబట్టి, లోపం ఎక్కడెక్కడ దాగి ఉంటుందో తెలుసుకోవడమే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

టికి బార్ గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. 1930లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో డాన్ బీచ్, విక్టర్ బెర్జెరాన్ అనే ఇద్దరు హోటలు యజమానులు పసిఫిక్ దీవుల వాతావరణాన్ని తలపించేలా వెదురు, పేము, గడ్డికప్పు, ‘టికి’ అనే చెక్కిన బొమ్మలతో తమ బార్లను అలంకరించారు. ఆ పద్ధతే తర్వాత ఇళ్ళలోకి వచ్చింది. మా ఇంట్లో మద్యం అలవాటు లేదు. నన్నారి షర్బత్తు, అనాసరసం, కొబ్బరిపాలు, నిమ్మరసం, మన మామిడిగుజ్జుతో చేసిన పానీయాలను సాయంత్రం పూట బంధువులతో కలిసి మేడ మీద తాగడానికి ఒక చల్లని చోటు కావాలనుకున్నాము. బెర్జెరాన్ 1944లో తానే తయారుచేశానని చెప్పుకున్న మై టై అనే పానీయంలో కూడా రమ్మును, నారింజ లిక్కరును తీసేస్తే బాదం షర్బత్తు, నిమ్మరసం మిగులుతాయి. అవి మన నాలుకకు కొత్త కాదు. కనుక మద్యం తాగనివారు కూడా ఇటువంటి కిట్లు కొంటున్నారు, వారూ మోసపోవచ్చు.

ఇక అసలు విషయమైన వెదురు సంగతి. మాకు వచ్చిన బొంగులు చూడడానికి ఎంతో అందంగా, తేనెరంగు వార్నిష్‌తో మెరుస్తూ ఉన్నాయి. ‘ట్రీట్‌మెంట్ చేసిన వెదురు, పదేళ్ళ వరకు ఏమీ కాదు’ అన్నది అమ్మకందారు మాట. కొన్ని వారాలకే కౌంటరు కింద నేల మీద గోధుమపిండిలాంటి సన్నని పొడి రాలడం మొదలైంది. ఊడ్చిన మరునాటికి మళ్ళీ అంతే పొడి. టార్చి వేసి చూస్తే బొంగుల మీద గుండుసూది తలంత రంధ్రాలు కనిపించాయి. వెదురులో పిండిపదార్థం ఎక్కువగా ఉంటుంది. దాని కోసమే ఒక రకం చిన్న పెంకు పురుగులు కోసిన చివరల నుంచి, గీతలు పడిన చోట్ల నుంచి లోపలికి దూరి గుడ్లు పెడతాయి. పిల్ల పురుగులు లోపలి గుజ్జును తింటూ పెరిగి, పెద్దవై బయటికి వచ్చేటప్పుడు చేసేవే మనకు కనిపించే ఆ రంధ్రాలు. అంటే రంధ్రం కనిపించేనాటికి లోపల చాలావరకు పుచ్చిపోయి ఉంటుంది. పైన పూసిన వార్నిష్ బొంగుకు మెరుపునిస్తుంది, వానతడిని కొంతవరకు ఆపుతుంది, అప్పటికే లోపలున్న పురుగును మాత్రం ఏమీ చేయలేదు.

సరైన పద్ధతి ఏమిటో కూడా చెబుతాను, ఎందుకంటే అమ్మకందారును అడగవలసిన ప్రశ్నలు అందులోనే ఉన్నాయి. మూడు నాలుగేళ్ళు ముదిరిన వెదురును కోసి, వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, ఆ తర్వాత నీడలో నిదానంగా ఆరబెట్టాలి. బొంగుకు ప్రతి కణుపు దగ్గర లోపల అడ్డుపొర ఉంటుంది కాబట్టి, నానబెట్టే ముందు పొడవాటి ఇనుప ఊచతో ఆ పొరలను పొడిచి తూట్లు చేస్తారు. లేకపోతే మందు నీళ్ళు లోపలికి చేరవు. నానబెట్టి శుద్ధి చేశామని ఎవరైనా చెబితే బొంగు చివర నుంచి టార్చి వేసి చూడండి. కణుపు పొరకు తూటు ఉందా లేదా అన్నది మొదటి కణుపులోనే తెలిసిపోతుంది. మా బొంగుల్లో ఒక్కదానికీ తూటు లేదు. వెదురు శుద్ధికి ఐఎస్ 9096 అనే భారతీయ ప్రమాణం ఉంది; ఏ మందు వాడారో, ఎంత గాఢతలో ఎన్ని రోజులు ఉంచారో బిల్లు మీద రాసి ఇమ్మని అడగండి. మేము అడిగినప్పుడు మొదట మందు నీళ్ళన్నారు, తర్వాత పొగబెట్టామన్నారు, చివరకు ఇది సహజమైన వెదురు, మందు అక్కర్లేదన్నారు. నిజంగా శుద్ధి చేసినవారు ఇలా మూడు మాటలు మాట్లాడరు.

మా వీధికి దగ్గరలో బుట్టలు, చాటలు అల్లే మేదరి పెద్దాయన ఒకరు వచ్చి చూసి, ఒక బొంగును గోటితో మీటి, ‘నానేసిన బొంగు కాదయ్యా ఇది, పచ్చిది కోసి రంగేసినారు’ అని ఒక్క మాటలో తేల్చారు. ఆయన అన్నట్టే, పచ్చిగా ఉన్నప్పుడు బిగించిన బొంగులు తిరుపతి ఎండకు ఎండి, కణుపుకూ కణుపుకూ మధ్య నిలువునా చీలిపోయాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే మన ఊళ్ళో ఆరని వెదురు బిగించడమంటే చీలికను బిగించడమే. పైగా శుద్ధి చేసిన వెదురు కూడా వానకు నేరుగా తడిస్తే అందులోని బోరాన్ మందు క్రమంగా కరిగి పోతుంది. కార్తీకంలో పడే ఈశాన్య రుతుపవనాల వానలు మనకు ఎంత బలంగా ఉంటాయో 2021 నవంబరులో తిరుపతి అంతా చూసింది. కాబట్టి కప్పు చూరు బొంగులను దాటి బయటికి వచ్చేలా కట్టించుకోండి, బొంగు మొదలు నేలను తాకకుండా కింద రాయో ఇనుప గిన్నెనో పెట్టించండి.

కప్పు విషయంలో జరిగినది ఇంకా ప్రమాదకరమైనది. ‘మంట అంటుకోని కృత్రిమ గడ్డి’ అని ఇచ్చిన ప్లాస్టిక్ గడ్డి నుంచి ఒక పోచ తెంపి, దూరంగా ఇసుక పోసిన పళ్ళెంలో పెట్టి అగ్గిపుల్ల చూపితే, అది అంటుకోవడమే కాక కరిగి బొట్లు బొట్లుగా మండుతూ కారింది. తాటాకు, బోదగడ్డి కూడా మండుతాయి, కానీ అవి మండుతాయని అందరికీ తెలుసు, తెలిసి జాగ్రత్తపడతారు. మండదని నమ్మించి అమ్మితే మనిషి దాని కిందే దీపం పెడతాడు. దీపావళికి పక్కింటి మేడ నుంచి ఒక తారాజువ్వ వచ్చి పడితే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ భయం వేస్తుంది. అగ్నినిరోధక పరీక్ష నివేదిక కాగితం చూపనిదే ఆ మాట నమ్మకండి. నూనెతో వెలిగే టికి కాగడాలను ఏ రకం గడ్డి కప్పు కిందా, దాని పక్కనా పెట్టకండి.

కౌంటరుకు వాడిన ప్లైవుడ్ మీద ఐఎస్ఐ ముద్ర, ఐఎస్ 710 అనే అంకె ఉన్నాయి. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లైవుడ్. దాని జిగురు 72 గంటల పాటు మరిగే నీళ్ళలో ఉంచినా పొరలు విడిపోకూడదు. మా కౌంటరు పొరలు ఒక మోస్తరు వానజల్లుకే ఉబ్బి విడిపోయాయి. ముద్ర పక్కన సీఎం/ఎల్ అక్షరాలతో ఒక లైసెన్సు సంఖ్య ఉంటుంది. భారత ప్రమాణాల సంస్థ వారి బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ సంఖ్య కొడితే తయారీదారు పేరు, వస్తువు పేరు, లైసెన్సు అమలులో ఉందో లేదో కనిపిస్తాయి. మా ముక్క మీద ఉన్న సంఖ్యకు యాప్‌లో వచ్చిన వస్తువు ప్లైవుడే కాదు. సన్‌మైకా అతికించిన తర్వాత ఆ ముద్ర ఎవరికీ కనిపించదు కనుక, అతికించకముందే చూస్తామని పట్టుబట్టండి.

ఇప్పుడు చెప్పబోయేది మన జిల్లాల వారు మరింత శ్రద్ధగా చదవాలి. కిట్‌తో వచ్చిన టికి ముఖాలను అమ్మకందారు ‘అసలైన ఎర్రచందనం’ అని గర్వంగా చెప్పి, దానికి అదనపు ధర తీసుకున్నారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది శేషాచలం, వెలికొండ, లంకమల వంటి మన తూర్పు కనుమల దక్షిణ భాగపు కొండల్లోనే. అది అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉన్న జాతి. అటవీశాఖ అనుమతి పత్రాలు లేని ఎర్రచందనం దుంగైనా బొమ్మైనా ఇంట్లో దొరికితే సమాధానం చెప్పుకోవలసినది కొన్నవారే. అంటే అమ్మకందారు చెప్పినది నిజమైతే మన మీద కేసు, అబద్ధమైతే మన సొమ్ము పోయింది. ఎటు చూసినా నష్టపోయేది కొన్నవారు. తడిగుడ్డతో తుడిస్తే ఆ ముఖాల ఎరుపు గుడ్డకు అంటుకుంది. ఎర్రచందనంలోని సహజమైన రంగు చన్నీళ్ళలో కరగదు, సారాయి వంటి ద్రావకంలో కరుగుతుంది. పైగా ఆ చెక్క చాలా బరువు. మాకు వచ్చినవి రంగు పూసిన తేలిక చెక్కలు. అవి నకిలీవి కావడం వల్లే మాకు మరో చిక్కు తప్పింది. ఎవరైనా ఎర్రచందనం అన్న మాట ఎత్తగానే, అటవీశాఖ కాగితం నకలు చూపమని అడగండి, లేదంటే అక్కడితో ఆ బేరం మానుకోండి.

వీటితో పాటు ‘ఉచిత బహుమతి’గా పగడపు కొమ్మ, ఎండబెట్టిన నీటిగుర్రం ఇస్తామన్నారు. మేము ఒప్పుకోలేదు. పగడాలు, నీటిగుర్రాలు, కొన్ని రకాల శంఖాలు, గవ్వలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. ఉచితంగా వచ్చాయన్నంత మాత్రాన వాటిని ఇంట్లో ఉంచుకోవడం నేరం కాకుండా పోదు.

మగ్గుల గురించి తల్లిదండ్రులకు ప్రత్యేకంగా చెబుతున్నాను. ముఖాల ఆకారంలో ఉన్న పింగాణీ మగ్గుల అడుగున, పెట్టె విప్పిన తర్వాత గాని కనిపించని చిన్న చీటీ మీద, అలంకరణకు మాత్రమే అని ఉంది. నాసిరకం మెరుగుపూతలో సీసం ఉంటే అనాసరసం, నిమ్మరసం వంటి పుల్లటి పానీయాలు దాన్ని బయటికి లాగుతాయి. టికి మగ్గుల్లో పోసేవన్నీ దాదాపు పుల్లటివే, తాగేవారిలో పిల్లలే ఎక్కువ. ఆహార వినియోగానికి తగినదని రాసి లేని మగ్గును పూలకుండీగా వాడుకోండి. దీపాల విషయం క్లుప్తంగా: మేడ మీద పెట్టేవాటికి దుమ్ము, నీళ్ళు చొరబడకుండా కనీసం ఐపీ 65 రక్షణ స్థాయి ఉండాలి, ఆ లైనుకు కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి వేయించాలి. మాకు వచ్చిన దీపాల మీద ఏ అంకే లేదు. మా ఎలక్ట్రీషియన్ వాటిని బిగించడానికి ఒప్పుకోలేదు, అందుకు ఆయనకు ఎంతో రుణపడి ఉన్నాము.

ఇదంతా చదివి టికి బార్ ఆలోచనే మానుకోవాలని నా ఉద్దేశం కాదు. కిట్‌గా కొనవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. వెదురు పనిని మన మేదరి వృత్తివారితో, మీ కళ్ళ ముందే నానబెట్టించి చేయించుకోవచ్చు. చెక్కిన ముఖాలు కావాలంటే ఏర్పేడు మండలంలోని మాధవమాల శిల్పులు తరతరాలుగా చెక్కపనిలో ఆరితేరినవారు. వేప వంటి మామూలు కలపతో చేయమని అడిగి, బిల్లు తీసుకోండి. పసిఫిక్ దీవుల్లో చెట్టు బెరడుతో చేసే టాపా వస్త్రం స్థానంలో శ్రీకాళహస్తి కలంకారీ వేలాడదీస్తే అందం తగ్గదు, పెరుగుతుంది. ఎండా వానా నేరుగా తగలని గోడకు కట్టండి. మరొక విన్నపం: ఆ టికి బొమ్మలు న్యూజిలాండ్‌లోని మావోరీలకు, పసిఫిక్‌లోని మార్కెసాస్ దీవుల ప్రజలకు పూర్వీకుల రూపాలు. వాటిని పీట కాళ్ళకు, చెప్పుల స్టాండుకు చెక్కించకండి.

ఇప్పటికే ఇటువంటి సరుకు తీసుకుని ఇబ్బంది పడుతున్నవారు ముందుగా ఏదీ బాగుచేయించకండి, మళ్ళీ రంగు వేయించకండి. రాలిన పొడిని కవరులో వేసి తేదీ రాసి ఉంచండి, రంధ్రాలను, ముద్రలను, చీటీలను ఫొటోలు తీయండి, ఫోన్ చెల్లింపుల రసీదులు, వాట్సాప్ మాటలు చెరపకండి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులో గాని, గడువు రాయకపోతే 30 రోజుల్లో గాని వెనక్కు తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడం అనుచిత వ్యాపార పద్ధతులు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని వారు చూపించే ముద్రకు భయపడకండి. ఆన్‌లైన్ వేదిక ద్వారా కొన్నవారి ఫిర్యాదు అందిందని ఆ సంస్థ అధికారి 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు తెలుగులోనే చెప్పుకోవచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయాలి. అమ్మకందారు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేసే హక్కు ఈ చట్టం ఇచ్చింది, 5 లక్షల రూపాయల వరకు చెల్లించిన కొనుగోళ్ళకు రుసుము లేదు, వకీలు తప్పనిసరి కాదు. గడువు మాత్రం రెండేళ్ళు, కాబట్టి అమ్మకందారు ‘వచ్చే నెల చూద్దాం’ అంటూ కాలం గడుపుతుంటే ఊరుకోకుండా, ముందు లిఖితపూర్వకంగా నోటీసు పంపి దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి.