వెన్ను మీద అంకె లేని పుస్తకం: డీసీ కాంపాక్ట్ కామిక్స్‌తో ఏడాదిన్నర

2024 వేసవిలో డల్లాస్ శివారులోని ఒక పుస్తకాల దుకాణంలో బ్యాట్‌మ్యాన్, సూపర్‌మ్యాన్ కథలు ప్రచురించే డీసీ సంస్థ 'కాంపాక్ట్ కామిక్స్' పేరుతో తెచ్చిన చిన్న పుస్తకాల వరుసలో ఒకదాన్ని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు నా చూపు ముందుగా దాని వెన్ను మీదికి పోయింది. కథ పేరు ఉంది, రాసినవారి పేరూ బొమ్మలు గీసినవారి పేరూ ఉన్నాయి, సంపుటి సంఖ్య మాత్రం లేదు. పదిహేనేళ్లుగా అమెరికన్ సూపర్‌హీరో కామిక్స్ కొంటున్నవాడిగా ఆ ఖాళీని చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. కామిక్స్ చదవనివారిని ఎవరినైనా ఈ కథల్లోకి తీసుకువెళ్ళాలని ప్రయత్నించిన ప్రతిసారీ నాకు అడ్డు తగిలింది ఆ అంకే.

ఈ వరుసలో ధర 9.99 డాలర్లు, కొలత మామూలు నవలంత, ఒక్కో పుస్తకంలో ఒక్కో కథ. అంతకు మించి వాటి జోలికి పోను. ఈ ఏడాదిన్నరలో నేను కొన్నవి ఏడు, పంచిపెట్టినవి మరో అయిదు. నేను చెప్పదలచినది వాటిలో ఒకే ఒక్క పుస్తకం మా ఇంట్లో ఏం చేసిందన్నది.

ఆ పుస్తకం స్కాట్ స్నైడర్ రాయగా గ్రెగ్ కపుల్లో బొమ్మలు గీసిన 'కోర్ట్ ఆఫ్ ఔల్స్' బ్యాట్‌మ్యాన్ కథ. ఇది నాకు కొత్త కాదు. 2011 సెప్టెంబరులో డీసీ తన పాత పత్రికల వరుసలను ముగించి 52 పత్రికలను ఒకటో సంచిక నుంచి తిరిగి మొదలుపెట్టినప్పుడు, ఇదే కథను నెలనెలా దుకాణానికి వెళ్ళి 11 సంచికలుగా కొన్నాను. సంచికకు మూడు నాలుగు డాలర్ల చొప్పున మొత్తం 35 డాలర్లు దాటింది. ఒక్కొక్కదాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, వెనుక తెల్లని అట్టముక్క చేర్చి, గరాజులోని పెట్టెలో భద్రపరిచాను. ఆ పెట్టెలు ఇప్పుడు 14 అయ్యాయి. పెళ్ళైన నాటి నుంచి మా ఆవిడ వాటిని సర్దడంలో నాకు సాయం చేసిందే కాని, ఒక్క సంచికనైనా తెరిచి చూడలేదు. ఆమె నవలలు బాగా చదువుతుంది, బొమ్మల కథలంటే చులకన భావం ఏమీ లేదు. ఒకటి రెండుసార్లు తానే అడిగింది కూడా: "ఎక్కడ మొదలుపెట్టాలి?" దానికి నేను చెప్పిన జవాబు అరగంట సాగేది. అరగంట విన్న తరువాత ఎవరికైనా చదవాలన్న కోరిక మిగలదు.

శనివారం పూట మా అమ్మాయికి కూచిపూడి తరగతి ఉంటుంది. గంటన్నర సేపు తల్లిదండ్రులు బయటి హాలులో మడత కుర్చీల మీద కూర్చోవాలి. ఒక శనివారం ఫోనులో ఛార్జింగు లేదని, బల్ల మీద కనిపించిన ఈ పుస్తకాన్ని ఆమె చేతిసంచిలో వేసుకుని వెళ్ళింది. సంచిలో పట్టింది కాబట్టే తీసుకువెళ్ళానని తరువాత చెప్పింది. మామూలు కామిక్స్ సంపుటి అయితే మూల మడతపడేది, కాదంటే సంచి మూతపడేది కాదు.

గంట గడిచాక ఆమె పక్కనున్నవారి ఫోను నుంచి నాకు ఒక ఫోటో పంపించింది. పేజీ అడ్డంగా ఉంది. దాని కింద, "ఏమండీ, ఈ పుస్తకంలో అచ్చు తప్పు పడింది. ఇక్కడి నుంచి పేజీలు పక్కకు తిరిగిపోయాయి. రసీదు ఉంటే మార్చుకుని రండి" అని రాసింది. ఆ ఫోటో చూడగానే కథలో ఆమె ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలిసిపోయింది. అది అయిదో అధ్యాయం. గాథమ్ నగరం అడుగున ఉన్న చిక్కుదారుల్లో బ్యాట్‌మ్యాన్ రోజుల తరబడి దారి తప్పి తిరుగుతుంటాడు. మతి పట్టు తప్పుతున్న కొద్దీ పేజీ కూడా తిరుగుతుంది. ముందు పక్కకు, ఆ తరువాత పూర్తిగా తలకిందులుగా. చదివేవారు పుస్తకాన్ని తిప్పుతూ పోవాలి, కాసేపటికి పేజీలను వెనక్కి తిప్పుతున్నామో ముందుకు తిప్పుతున్నామో వారికే అంతుపట్టదు. "తప్పు కాదు. పుస్తకాన్ని తిప్పుతూ చదువు" అని మాత్రం జవాబు పంపాను. తిరుగు జవాబు రాలేదు.

అమ్మాయిని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు హాలు అద్దాల తలుపులోంచి నాకు కనిపించిన దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. లోపలి గదిలో గురువుగారి తాళం కర్ర చప్పుడు వినిపిస్తోంది. మా ఆవిడ మోచేతులు మోకాళ్ళ మీద ఆనించి, పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని, నేను దగ్గరికి వెళ్ళి నిలబడినా తల ఎత్తకుండా చదువుతోంది. ఇదే సంచికను నేను చదివినప్పుడు పలుచని కాగితాలు ఎక్కడ నలిగిపోతాయోనన్న భయంతో బల్ల మీద పరిచి, నేనే బల్ల చుట్టూ మెడ తిప్పుకున్నాను. ఈ చిన్న పుస్తకం ఆమె రెండు అరచేతుల మధ్య తేలికగా తిరిగింది. ఆ పేజీలు అనుకున్న పని అనుకున్నట్టు చేయడం నేను మొదటిసారి చూసింది ఆమె చేతుల్లోనే.

ఆ రాత్రికి పుస్తకం పూర్తయింది. తరువాతి శనివారానికి హాలులో మరో ఇద్దరు తల్లులు దాన్ని తిరగేశారు. వారిలో నెల్లూరు నుంచి వచ్చిన ఆవిడ పుస్తకాన్ని చూడగానే, "మా అబ్బాయి చదివే మాంగా పుస్తకాలు దాదాపు ఇంతే ఉంటాయండీ" అన్నది. ఆమె యథాలాపంగా అన్న మాటే అయినా, అసలు సంగతి అక్కడే ఉంది. అమెరికాలో పిల్లలూ యువకులూ బొమ్మల కథలు చదవడం మానలేదు. పుస్తకాల దుకాణాల్లో మాంగాకు, అంటే జపాను బొమ్మల కథలకు, గోడల కొద్దీ అరలు ఇస్తున్నారు. జపాను పుస్తకం చేతిలో ఇముడుతుంది, పది పన్నెండు డాలర్లకు రెండు వందల పేజీలు ఇస్తుంది, మూడో పుస్తకం తరువాత నాలుగోది చదవాలని ఎవరూ చెప్పనక్కరలేదు. సూపర్‌హీరో నెలవారీ సంచిక 20 పేజీల కథకు నాలుగైదు డాలర్లు అడుగుతుంది. పైగా ఒకే వీరుడికి ఒకటో సంచికలు ఎన్నోసార్లు వచ్చి ఉంటాయి. డీసీ సంస్థ ఈ కొలతనూ ఈ ధరనూ ఎంచుకోవడంలో ఆ అరల మీద చూపు ఉందని నా నమ్మకం.

అసలు ఇబ్బంది ఆ తరువాత మొదలైంది. "దీని తరువాతది ఏది?" అని మా ఆవిడ అడిగింది. పదిహేనేళ్లుగా నేను ఎదురుచూసిన ప్రశ్న అది. అదే రచయిత, అదే చిత్రకారుడు కలిసి చేసిన తరువాతి కథలు పెద్ద కొలతలో, సంపుటి సంఖ్యలతో ఉన్నాయని చెప్పాను. ఆమెకు కావలసింది ఇదే కొలత. ఆ రోజు మాకు దగ్గరలోని అరలో అది దొరకలేదు. నేను ఊళ్ళో లేని ఒక బుధవారం ఆమె తానే ఒక కామిక్స్ దుకాణానికి వెళ్ళి, తరువాతి బ్యాట్‌మ్యాన్ పుస్తకం కావాలని అడిగింది. అక్కడి కుర్రవాడు మర్యాదగానే ఆ వారం వచ్చిన నాలుగు వేర్వేరు సంచికలు చూపించాడు. అట్ట బాగుందని ఒకటి తీసుకుంది. అది ఒక కథలో మూడో భాగం. పది నిమిషాల్లో కారులోనే చదివేసి, నేను తిరిగి వచ్చేసరికి నా బల్ల మీద పెట్టింది. "ఇందులో వీళ్ళెవరో ఒక్కరూ నాకు తెలియదు" అన్నది, అంతే.

ఇందులో ఆ కుర్రవాడి తప్పు లేదు. ఒకప్పుడు అమెరికాలో ఈ సంచికలు మందుల దుకాణాల్లో, పత్రికల బడ్డీల్లో దొరికేవి. అమ్ముడుపోనివి వెనక్కి తీసుకునేవారు. 1970లలో ఫిల్ స్యూలింగ్ అనే కామిక్స్ వ్యాపారి మొదలుపెట్టిన పద్ధతిలో కామిక్స్ దుకాణాలు నేరుగా, ఎక్కువ తగ్గింపు ధరకు, వాపసు లేకుండా కొనుక్కోవడం వచ్చింది. అది ఆ పరిశ్రమను నిలబెట్టిందన్నది నిజమే. కాని మిగిలిపోయిన ప్రతి సంచికా దుకాణదారుడికి నష్టమే అయినప్పుడు, అతడు నెలల ముందే ఆర్డరు పెట్టేటప్పుడు ప్రతి వారం వచ్చే నావంటి పాత పాఠకుడిని దృష్టిలో పెట్టుకుంటాడు కాని, దారిన పోతూ లోపలికి వచ్చే మా ఆవిడను పెట్టుకోలేడు. రాసేవారు కూడా క్రమంగా నాకోసమే రాయడం అలవాటు చేసుకున్నారు. పాత సంగతులన్నీ తెలిసినవాడికే అర్థమయ్యే కథలు నాకు ఇష్టమే, కాని వాటిని ఇంకొకరి చేతిలో పెట్టలేకపోయాను.

ఇక్కడ నాకు చిన్ననాటి చందమామ గుర్తుకు వస్తుంది. పట్టువదలని విక్రమార్కుడు ప్రతి నెలా శవాన్ని భుజాన వేసుకుని నడిచేవాడు, బేతాళుడు కథ చెప్పి ప్రశ్న వేసేవాడు, జవాబు రాగానే తిరిగి చెట్టెక్కేవాడు. ఏ నెల పత్రిక చేతికి వచ్చినా ఆ కథ అక్కడే మొదలై అక్కడే ముగిసేది. గుంటూరులో మా మేనమామ బస్టాండు నుంచి తెచ్చే డిటెక్టివ్ పాకెట్ పుస్తకాలూ అంతే. డిటెక్టివ్ ఎప్పుడూ ఒక్కడే, కేసు ప్రతిసారీ కొత్తది. ముందుది చదివావా అని ఎవరూ అడిగేవారు కారు. చందమామలోనే నెలనెలా నడిచే సీరియల్ కూడా ఉండేది, దాని కోసం ఎదురుచూసేవారమూ ఉన్నాము. రెండూ ఒకే అట్టల మధ్య ఇమిడాయి కాబట్టి కొత్తగా వచ్చినవారికి కూర్చోవడానికి చోటు ఉండేది. కాంపాక్ట్ వరుసలో నాకు నచ్చింది ఆ చోటే.

ఈ వరుస వచ్చిన కొత్తలో స్నేహితులందరికీ "ఒక్క పుస్తకం, పూర్తి కథ" అని గట్టిగా చెప్పాను. ఇప్పుడు ఆ మాటను కొంత సవరించుకోవాలి. 'కోర్ట్ ఆఫ్ ఔల్స్' మధ్యలో ఒక రాత్రి నగరమంతటా పోరు మొదలవుతుంది, సహచరులందరికీ పిలుపు వెళుతుంది. వారందరూ ఎక్కడెక్కడో పోరాడతారు, ఆ పోరాటాలు మాత్రం ఈ పుస్తకంలో ఉండవు. 2012లో అవి వేరే వేరే పత్రికల్లో వచ్చాయి. మా ఆవిడ అక్కడ ఆగి, "మిగతావాళ్ళ సంగతేమైంది?" అని అడిగింది. కథ తెగిపోలేదు, ముగింపు ముగింపుగానే ఉంది, కాని గోడ అవతల మరేదో జరుగుతోందన్న స్పృహ మిగిలింది. నెలవారీ సంచికల కోసం అల్లిన కథకు తరువాత కొత్త అట్ట వేస్తే ఈ కుట్లు కనిపించక తప్పదు.

అందుకే ఆమెకు ఆ తరువాత ఎన్.కె. జెమిసిన్ రాసిన 'ఫార్ సెక్టర్' ఇచ్చాను. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే హ్యూగో పురస్కారం మూడేళ్ళు వరుసగా అందుకున్న నవలా రచయిత్రి 12 సంచికలుగా రాసిన కథ అది. భూమికి ఎంతో దూరాన ఉన్న ఒక నగరంలో ఒంటరిగా కాపలా కాసే గ్రీన్ లాంటర్న్ అనే అంతరిక్ష రక్షకదళ సభ్యురాలి కథ కావడం వల్ల పాత వీరులెవరూ అందులో అడుగుపెట్టనవసరం లేదు. జమాల్ క్యాంప్‌బెల్ గీసిన రంగులు ఈ చిన్న పేజీలోనూ బాగా పలికాయి. ఆమె దాన్ని రెండుసార్లు చదివింది. తరువాత 'ఆల్‌స్టార్ సూపర్‌మ్యాన్' కూడా అలాగే సాగింది.

నా సొంత ఇబ్బంది అక్షరాల దగ్గర. మామూలు సంచిక సుమారు 6.6 అంగుళాల వెడల్పు, 10.2 అంగుళాల ఎత్తు ఉంటుంది. ఇది 5.5, 8.5 అంగుళాలు. లెక్క వేస్తే ప్రతి అక్షరమూ దాదాపు 17 శాతం తగ్గుతుంది. ఇది కొలతలోనే ఉన్న పరిమితి, ధర తగ్గాలంటే ఎక్కడో ఒకచోట ఒప్పుకోవలసినదే. మా ఆవిడకు అది ఇబ్బంది అనిపించనే లేదు. 46 ఏళ్ళ నా కళ్ళకు మాత్రం ఈ వరుసలోని మరో కథ 'వాచ్‌మెన్' దగ్గర చేతులెత్తేయవలసి వచ్చింది. పేజీకి తొమ్మిది గడులు, ఒక్కో గడిలో కిక్కిరిసిన మాటలు, అధ్యాయాల చివర పేజీల కొద్దీ వచనం. రాత్రిపూట దీపం దగ్గరికి జరుపుకున్నా రెండో అధ్యాయం చివరికి వచ్చేసరికి తలనొప్పి వచ్చింది. చిత్రకారుడు జిమ్ లీ 'హష్' అనే బ్యాట్‌మ్యాన్ కథలో రెండు పేజీలకూ విస్తరించి గీసిన బొమ్మల్లో నడిమి భాగం అతుకులోకి వెళ్ళిపోతుంది. ఆయన గీతను పెద్ద కాగితం మీద చూసి పెరిగినవారికి అది లోటుగానే ఉంటుంది.

డీసీకి పోటీ సంస్థ అయిన మార్వెల్ కూడా 2025లో ప్రీమియర్ కలెక్షన్ పేరుతో ఇంచుమించు ఇదే దారి పట్టింది, ధర 14.99 డాలర్లు. రెండూ మంచి అడుగులే. కాని రెండూ ఇప్పటికే పేరు తెచ్చుకున్న పాత కథలకు కొత్త రూపం ఇస్తున్నాయి, ఈ వారం రాస్తున్న కథ మాత్రం ఇంకా 20 పేజీల ముక్కలుగానే వస్తోంది. మొదటి నుంచే ఈ కొలతకు గీసి, ఈ పేజీల సంఖ్యకు రాసి, నేరుగా ఇలాగే అచ్చువేసే బ్యాట్‌మ్యాన్ కథ ఏడాదికి ఒక్కటి వచ్చినా మా ఆవిడ కొంటుంది. ఆమెతో పాటు ఆ హాలులోని మరో ఇద్దరు కూడా కొంటారని నాకు నమ్మకం ఉంది.

మీ ఇంట్లో కామిక్స్ చదివేది మీరొక్కరే అయితే, పెద్ద సంపుటులు ఇప్పటికే ఉంటే, ఇవి మీకు కొత్తగా ఇచ్చేది తక్కువ. ఎవరికైనా మొదటి పుస్తకంగా ఇవ్వదలిస్తే 'ఫార్ సెక్టర్'తో మొదలుపెట్టండి, అయిదో అధ్యాయం గురించి ముందే చెప్పకుండా ఉండగలిగితే 'కోర్ట్ ఆఫ్ ఔల్స్' ఇవ్వండి. కళ్ళద్దాలు మార్చుకునే వయసు వచ్చి ఉంటే 'వాచ్‌మెన్' మాత్రం పెద్దదే కొనండి. మా 'కోర్ట్ ఆఫ్ ఔల్స్' ప్రతి ఇప్పుడు నెల్లూరు ఆవిడ కొడుకు దగ్గర ఉంది. ఆమె రెండుసార్లు తిరిగి ఇవ్వబోతే, ఉంచుకోమని చెప్పి, నేను ఇంకొకటి కొన్నాను.