గోదారి గాలిలో మస్టాంగ్ సైలెన్సర్: కొన్ని వానాకాలాలు గడిచాక

కొన్నది శబ్దం కోసమే. కానీ ఈ సమీక్షలో శబ్దం కన్నా తుప్పు గురించే ఎక్కువ రాస్తాను. మాది భీమవరానికీ నరసాపురానికీ మధ్య ఊరు. చుట్టూ రొయ్యల చెరువులు, రాత్రీ పగలూ తిరిగే ఏరేటర్లు, సాయంత్రమైతే సముద్రం మీంచి ఉప్పుగాలి. గేటు ఊచలు, ఏసీ బయటి యూనిట్లు మా దగ్గర ఎన్నేళ్లు ఆగుతాయో ఇక్కడివాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఇదే సామాను హైదరాబాదులో వాడినవాళ్లు మెచ్చుకున్నా, తిట్టినా మనకి సగమే పనికొస్తుంది.

బండి ఫోర్డ్ మస్టాంగ్ జీటీ. 2016లో మన దేశానికి వచ్చిన మోడల్, 5 లీటర్ల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిను, 401 పీఎస్ పవర్, ఆరు గేర్ల ఆటోమేటిక్. కంపెనీయే కుడివైపు స్టీరింగుతో తయారుచేసిన మొదటి తరం మస్టాంగ్ ఇది. నేను సెకండ్ హ్యాండులో తీసుకున్నాను. దానికి వేసింది వెనక రెండు మఫ్లర్లు (శబ్దాన్ని అణిచే డబ్బాలు), వాటి గొట్టాలు, చివర బయటికి కనిపించే టిప్పులు. అమ్మేవాళ్లు యాక్సిల్-బ్యాక్ అంటారు. ముందున్న కేటలిటిక్ కన్వర్టర్లు (పొగలోని విషవాయువుల్ని తగ్గించేవి), ఆక్సిజన్ సెన్సర్లు, మధ్యలో ఉన్న రెజొనేటర్ (మోతని కొంత తగ్గించే డబ్బా) దేన్నీ కదిలించలేదు. అందుకే ఇంతకాలంలో చెక్ ఇంజిన్ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. పవర్ పెరుగుతుందా అని అడిగేవాళ్లకి: పెరగదు. వెనక మఫ్లర్ మార్చినంత మాత్రాన సీటులో తెలిసేంత తేడా రాదు. బరువు కాస్త తగ్గుతుంది, అంతే.

బిగింపు ఇంట్లోనే. మా పెరటి మట్టి తడిస్తే జాకీ దిగబడిపోతుంది కాబట్టి ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం మీద పెట్టాం. ముందు టైర్ల కింద చెక్క దిమ్మలు, వెనక రెండు స్టాండులు. జాకీని నమ్మి ఎవరూ కిందకి దూరకండి. అది బండిని లేపడానికే, మోయడానికి కాదు. మా బావ ఇంకో జాకీతో మఫ్లర్ని కిందనుంచి పట్టుకుంటే, దాన్ని బండికి వేలాడదీసే రబ్బర్లు నేను లాగాను. ఆ రబ్బర్ల దగ్గరే చాలామంది అరగంట కుస్తీ పడతారు. సబ్బునీళ్లు పోసి, ముందు ఒక కొసని తిప్పుతూ లాగితే చేత్తోనే వచ్చేస్తాయి.

ఈ బండిలో పాత గొట్టం ముందునుంచి వెనకదాకా ఒకటే. వెనక మఫ్లర్లు విడిగా రావాలంటే సస్పెన్షన్ దగ్గర కోయాల్సిందే. కోయాల్సిన చోట కంపెనీవాళ్లే గొట్టం మీద చిన్న నొక్కు గుర్తు పెట్టారు. కటింగ్ మిషన్ పెడితే నిమిషంలో అయిపోయేది, కానీ పైనే పెట్రోలు టాంకు ఉంటే నిప్పురవ్వలు ఎగిరే పని నేను చెయ్యను. హాక్సా బ్లేడుతోనే కోశాం. బావ విసుక్కున్నాడు.

"బావా, మెకానిక్ షెడ్డుకి తీసుకెళ్తే ఈపాటికి టీ తాగి ఇంటికొచ్చేసేవాళ్లం కదా!"

నిజమే. కానీ షెడ్డులో అయితే రెండు కొసలూ ఆకురాయితో రాసి నునుపు చేసేవాళ్లు కాదు. గొట్టం కొస గరుకుగా ఉంటే రెండు గొట్టాల్నీ కలిపే స్లీవు (తొడుగు) నిండా కూర్చోదు, అక్కడే పొగ లీకవుతుంది. కోసిన పాత ముక్కల్ని గోనెసంచిలో చుట్టి అటకెక్కించాను. రెండు స్లీవ్ క్లాంపులుంటే ఎప్పుడైనా తిరిగి వేసుకోవచ్చు. ఈ మాట గుర్తుంచుకోండి, కిందకి వచ్చాక పనికొస్తుంది.

బిగించాక, ఇంజిను స్టార్ట్ చెయ్యకముందు, కొత్త గొట్టాలన్నిటినీ థిన్నరు గుడ్డతో తుడవాలి. వేలిముద్రలు, నూనె చుక్కలు వేడికి కాలి అచ్చుపడిపోతాయి, తర్వాత ఎంత రుద్దినా పోవు. మొదట కాసేపు పొగ, వాసన వస్తాయి, కంగారుపడక్కర్లేదు. కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక క్లాంపుల్ని మళ్లీ బిగించాలి. తర్వాత ఏ అతుకు దగ్గరైనా నల్లటి మసి గీత కనిపిస్తే అక్కడ లీకున్నట్టే.

ఇక లోహం సంగతి. బజారులో వచ్చే సైలెన్సర్లలో ఎక్కువగా కనిపించేవి 409, 304 అనే రెండు రకాల స్టెయిన్‌లెస్ స్టీళ్లు. 409లో క్రోమియం సుమారు 11 శాతం. చలిదేశాల్లో కంపెనీ సైలెన్సర్లకి చాలాచోట్ల వాడేది అదే. పైపైన ఎర్రబడుతుంది గానీ తొందరగా చిల్లుపడదు. 304లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్. ధర ఎక్కువ. తేడా తెలుసుకోడానికి ప్రయోగశాల అక్కర్లేదు, ఒక అయస్కాంతం చాలు. 409కి టక్కున అతుక్కుంటుంది, 304కి అతుక్కోదు (వంపుల దగ్గర కొద్దిగా లాగొచ్చు, అది మామూలే). నాకొచ్చిన మఫ్లర్లకి, గొట్టాలకి అతుక్కోలేదు. కానీ అదే పెట్టెలో వచ్చిన క్లాంపులకి మాత్రం గట్టిగా అతుక్కుంది. జింకు పూత వేసిన మామూలు ఇనుము! మొదటి వానాకాలం దాటేసరికి పూత పొట్టు లేచింది, రెండోదానికి నట్లు బోల్టుల మీద పెచ్చుకట్టాయి. ఒకటి విప్పబోతే తల రౌండైపోయి చివరికి కోసి తియ్యాల్సొచ్చింది. అంత ధర పెట్టి కొన్న సామానులో క్లాంపుల దగ్గర కక్కుర్తి ఎందుకో నాకిప్పటికీ అర్థం కాదు. ఇప్పుడున్నవి 304 స్టీలు బ్యాండ్ క్లాంపులు. స్టీలు బోల్టుకి స్టీలు నట్టు బిగిస్తే రెండూ ఒకదాన్నొకటి కరుచుకుంటాయి కాబట్టి మరలకి కాపర్ గ్రీజు రాశాను. ఇప్పటికీ చేతి రాట్చెటుతోనే విప్పగలుగుతున్నాను.

304 కూడా ఉప్పుకి పూర్తిగా లొంగనిదేం కాదు. పెరుపాలెం బీచికి వెళ్లొచ్చి అలాగే వదిలేసిన వారాల్లో టిప్పుల మీద, వెల్డింగు గీతల పక్కన గోధుమరంగు మచ్చలు తేలాయి. వెల్డింగు వేడికి రంగు మారిన చోట లోహానికుండే రక్షణ పొర దెబ్బతింటుంది, ఉప్పు ముందు అక్కడే పట్టుకుంటుంది. మందు పెద్దదేమీ కాదు. ఇంటికి రాగానే, గొట్టం చల్లారాక, మంచినీళ్లతో కింద కడగడం. మచ్చలుంటే ఆకుపచ్చ నైలాన్ పీచుతో రుద్దాలి. ఇనుప పీచు వాడితే దాని పొడి ఇరుక్కుని కొత్త తుప్పు పుడుతుంది. బోరు నీళ్లు కూడా వద్దు, మా వైపు చాలా బోర్లు ఉప్పే.

లోపలి తడి ఇంకో గొడవ. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా బయటికొస్తుంది. ఇంటినుంచి బజారుకి వెళ్లి ఆపేస్తే మఫ్లరు వేడెక్కేలోపే ప్రయాణం అయిపోతుంది, నీరు లోపలే ఉండిపోతుంది. నా మఫ్లర్లకి అడుగున నీరు కారే చిన్న బెజ్జం ఉంది. మీరు కొనేదానికి ఉందో లేదో చూసుకోండి. నేనైతే వారానికోసారి పాలకొల్లు మీదుగా చించినాడ వంతెన దాటి దిండి దాకా వెళ్లొస్తాను. సైలెన్సర్ ఆరడానికే అని ఇంట్లో చెప్తాను. ఎవరూ నమ్మరు.

శబ్దం. పొద్దున్నే చల్లగా స్టార్ట్ చేసినప్పుడు మొదటి నిమిషం మాత్రం వీధి వీధంతా లేస్తుంది. మొదటివారంలోనే పక్కింటి పెదనాన్నగారు అరుగు మీంచి కేకేశారు: "ఏరా అబ్బాయ్, వరికోత మిషను కొన్నావేంట్రా?" వేడెక్కాక బాగా తగ్గుతుంది. అసలు సమస్య బయటివాళ్లకి కాదు, లోపల కూర్చున్నవాళ్లకి. హైవే మీద ఆరో గేరులో 1,800 ఆర్‌పీఎం దగ్గర క్యాబినంతా బుమ్మని ఒకటే మోత. పక్కసీటులో మా ఆవిడ తణుకు దాటేసరికి తలనొప్పంది. లెక్క ఇది: వీ8 ఇంజిను ఒక చుట్టు తిరిగితే నాలుగు సిలిండర్లు మండుతాయి. 1,800 అంటే సెకనుకి 30 చుట్లు, 120 మంటలు. ఆ 120 హెర్ట్జ్ మోతే చెవిలో కూర్చునేది.

దీనికి విరుగుడు ఒక కొస మూసేసిన పక్కగొట్టం. ప్రధాన గొట్టానికి అతికిస్తే శబ్దం అందులోకి వెళ్లి, మూత తగిలి వెనక్కొచ్చి, అదే శబ్దాన్ని కొట్టేస్తుంది. పొడవు అల పొడవులో నాలుగోవంతు ఉండాలి. చల్లని గాలి లెక్కన 71 సెంటీమీటర్లు వస్తుంది, కానీ పొగ వేడిగా ఉంటుంది, వేడిలో శబ్దం ఇంకా వేగంగా పోతుంది కాబట్టి మీటరుకి దగ్గరగా కావాలి. మేడమెట్లకి స్టీలు రెయిలింగులు చేసే కుర్రాడొకడు ఆర్గాన్ వెల్డింగుతో రెండు వైపులా చెరొకటి అతికించాడు. మూతని ముందు క్లాంపుతోనే నిలబెట్టి, హైవే మీద తిప్పి, కొద్దికొద్దిగా జరిపి, మోత చచ్చిన చోట పక్కాగా వెల్డ్ చేశాడు. కార్ల గురించి అతనికేమీ తెలియదు గానీ 304 గొట్టం మీద అతని చేతి గీత కంపెనీ వెల్డింగు కన్నా సన్నగా ఉంది. మోత పూర్తిగా పోలేదు, మాట్లాడుకునేంతగా తగ్గింది. తలనొప్పి ఫిర్యాదు మళ్లీ రాలేదు.

చట్టం సంగతి దాచను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మన ఇష్టానికి మార్చకూడదు. సెక్షన్ 190(2) కింద శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే మొదటిసారే రూ.10,000 దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్సు పోతుంది. సంక్రాంతికి కోడిపందాల బరుల దగ్గర బళ్లు ఆపి రేసు చేసేవాళ్లని చూస్తే నాకే చిరాకు. ఆ ఒక్కరోజు మోతకి ఏడాదంతా పోలీసులు మనందర్నీ ఆపుతారు. కేటలిటిక్ కన్వర్టర్లు పీకేస్తే ఇంకా బాగుంటుందని చెప్పే మెకానిక్కులున్నారు, వాళ్ల మాట వినకండి. పొగ పరీక్షలో పోతుంది, కారులో పచ్చి పెట్రోలు వాసన మిగులుతుంది. అటక మీద పాత ముక్కలు దాచుకోమన్నది అందుకే. రేపు ఎవరైనా పాతవి పెట్టమంటే ఒక పూటలో పెట్టేయగలను.

నేలకి ఎత్తు తగ్గలేదు. మఫ్లర్లు పాతవాటి స్థాయిలోనే ఉన్నాయి. మా ఊరి స్పీడు బ్రేకర్లకి తగిలేది ముందు బంపరు, వెనక గొట్టం కాదు. కాలవగట్టు రోడ్ల మీద కంకర ఎగిరి మఫ్లరు అడుగున చిన్న సొట్టలు పడ్డాయి, లెక్కలోకి రావు.

ప్రస్తుతం చూడాల్సింది కుడివైపు వెనక రబ్బరు. సన్నని పగుళ్లు కనిపిస్తున్నాయి, ఈ ఎండాకాలంలో నాలుగూ కలిపి మారుస్తాను. పాలీయూరిథేనువి వేస్తే ఎక్కువకాలం ఆగుతాయని షాపులో చెప్పారు గానీ అవి గట్టిగా ఉండి గొట్టం అదురునంతా బాడీకి ఎక్కిస్తాయి. మోత తగ్గించడానికి అంత తంటా పడ్డాక మామూలు రబ్బరువే కొంటాను.