టయోటా ఇన్నోవా 2.5 డీజిల్: 2,80,000 కిలోమీటర్ల తర్వాత సమీక్ష

పాత ఇన్నోవా బేరానికి వెళ్తే ముందుగా వినపడే మాట: "టయోటా ఇంజనండీ, దీనికేం కాదు." అది సగమే నిజం. 2005 నుంచి 2016 దాకా మన దగ్గర అమ్మిన మొదటి తరం ఇన్నోవా 2.5 డీజిల్‌ని 2,80,000 కిలోమీటర్లు నడిపాక తేలింది ఇది: ఈ బండి చెప్పి చెడిపోతుంది. చెప్పింది వినేవాళ్ల దగ్గర లక్షల కిలోమీటర్లు నిశ్చింతగా తిరుగుతుంది. విననివాళ్ల దగ్గర ఎంత గట్టి ఇంజనైనా షెడ్డులో విప్పి పడుంటుంది. ఆ చెప్పే గుణం బండిలోకి ఎలా వచ్చిందో తెలిస్తే దాన్ని చూసుకోవడం కూడా తేలిక. అందుకే ముందు కంపెనీ పుట్టుక గురించి నాలుగు మాటలు.

టయోటా మూలం మగ్గాల షెడ్డులో ఉంది. సకిచి టయోడా 1924లో పూర్తి చేసిన జి రకం ఆటోమేటిక్ మగ్గం నడుస్తూనే నాడె (అడ్డపోగును అటూ ఇటూ మోసే కండె) మార్చుకునేది. పడుగులో ఒక్క పోగు తెగినా దానంతట అదే ఆగిపోయేది. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పనిచేసేవాళ్లకి దీని విలువ విడమరిచి చెప్పక్కర్లేదు. తెగిన పోగును చూసుకోకపోతే తప్పుపడిన బట్ట గజాల కొద్దీ దిగుతూనే ఉంటుంది. ఆ మగ్గం పేటెంటు హక్కుల్ని 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ లక్ష పౌండ్లకు తీసుకుంది. సకిచి కొడుకు కీచిరో 1933లో ఆ మగ్గాల కంపెనీలోనే మోటారు విభాగం తెరిచాడు. 1935లో జి1 లారీ, 1936లో ఏఏ కారు వచ్చాయి. టయోటా మోటార్ కంపెనీ విడిగా ఏర్పడింది 1937 ఆగస్టులో.

మొదటి లారీలు తరచుగా దారిలో ఆగిపోయేవి. యుద్ధం తర్వాత 1950లో కంపెనీ దివాలా అంచుదాకా వెళ్లింది. సమ్మె జరిగింది, ఉద్యోగులు పోయారు, కీచిరో అధ్యక్ష పదవి వదిలేశాడు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీని గాడిలో పెట్టినవాళ్లలో ముఖ్యుడు తైచి ఓనో. ఆయన కూడా ముందు బట్టల వైపు పనిచేసి 1943లో కార్ల వైపు వచ్చినవాడే. కావలసిన భాగం, కావలసిన వేళకు, కావలసినంతే రావాలన్న పద్ధతినీ, తప్పు కనిపిస్తే కార్మికుడే తయారీ లైను ఆపాలన్న నియమాన్నీ ఆయన షాపులో పాతుకునేలా చేశాడు. తెగిన పోగు దగ్గర మగ్గం ఆగడమూ, లైను ఆగడమూ ఒకటే ఆలోచన. అయినా దెబ్బలు తప్పలేదు. 1957లో అమెరికాకు పంపిన క్రౌన్ అక్కడి హైవే వేగాన్ని తట్టుకోలేకపోయింది. దాన్ని ఆపేసి, 1965లో సరిగ్గా తయారైన కరోనాతో మళ్లీ వెళ్లారు. ఇవాళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు ఇళ్ల ముందు కనిపించే క్యామ్రీలు, సియెన్నాలు ఆ రెండో ప్రయాణం తర్వాతివే.

మన కథ మాత్రం ఇండోనేషియా మీదుగా వచ్చింది. 1977లో అక్కడ మొదలైన కిజాంగ్ అనే బండి (ఆ మాటకు అక్కడ జింక అని అర్థం) మూడో తరమే 2000లో బెంగళూరు పక్క బిడది నుంచి క్వాలిస్‌గా బయటికొచ్చింది. 2005లో దాన్ని ఆపేసి ఇన్నోవా తెచ్చారు. పాత డబ్బా రూపమే తప్ప క్వాలిస్‌కి వంక పెట్టలేం. అమ్ముడుపోతున్న బండిని అలా ఆపేయడానికి గట్టి నమ్మకం ఉండాలి.

ఆ నమ్మకం ఇంజను లెక్కల్లో కనిపిస్తుంది. 2494 సీసీ, కామన్ రైల్ డీజిల్, టర్బో ఉంది కానీ అది నొక్కి పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ లేదు. బలం 102 హార్స్‌పవర్, టార్క్ 200 న్యూటన్ మీటర్లు. ఇదే ఇంజనుకి ఇంటర్‌కూలర్, మంచి టర్బో కలిపి ఫార్చ్యూనర్ 2.5లో 144 హార్స్‌పవర్, 343 న్యూటన్ మీటర్లు తీశారు. అంటే ఇన్నోవాలో దాని శక్తిలో దాదాపు మూడో వంతు వాడకుండా పక్కన పెట్టినట్టే. బండి మన్నికలో పెద్ద వాటా దీనిదే. దీనికి మూల్యం కూడా ఉంది. ఏడుగురు ఎక్కి, ఏసీ వేసి, శ్రీశైలం ఘాట్‌లో లారీని దాటాలంటే గేరు దించక తప్పదు. "చిప్ ట్యూనింగ్ (ఇంజను కంప్యూటర్ లెక్కలు మార్చడం) చేయిస్తే పికప్ వస్తుంది" అనేవాళ్ల మాట వినకండి. ఇంటర్‌కూలర్ లేని ఇంజనులో ఎక్కువ డీజిల్ పోస్తే ముందు పెరిగేది ఎగ్జాస్ట్ వేడి, ఆ తర్వాత పోయేది టర్బో.

మైలేజీ ఊళ్లో 9 నుంచి 10, హైవేలో 80–90 మీద నిలకడగా పోతే 13. వంద దాటిస్తే 11కి పడుతుంది. నిలువెత్తు బండి గాలిని తోసుకుంటూ పోవాలి కాబట్టి అది సహజం.

ప్రయాణం గురించి: నిచ్చెన ఛాసిస్, వెనక చక్రాలకు పవర్, వెనక కాయిల్ స్ప్రింగులు. ఖాళీగా ఉంటే గతుకుల మీద కాస్త ఎగిరినట్టు ఉంటుంది, అయిదుగురు ఎక్కాక కుదురుకుంటుంది. విడి కుర్చీలున్న నడిమి వరుసకి సాటి లేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఎక్కి దిగడానికి సీటు ఎత్తు సరిగ్గా నడుము దగ్గరకి వస్తుంది. మూడో వరుస తెరిస్తే సామానుకి చోటుండదు. ఏడుగురు తిరుపతికి అంటే పైన క్యారియర్ ఖాయం. ఒక్కటి మాత్రం మనసుకి నచ్చనిది: తొలి ఏళ్ల కింది వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ లేవు. కుటుంబం కోసం కొనేవాళ్లు ఈ రెండూ ఉన్న బండి దొరికేదాకా ఆగడమే మంచిది.

ఇక సంరక్షణ. ఆయిల్ మార్పు షెడ్యూలులో 10,000 కిలోమీటర్లకి. ఊళ్లో ట్రాఫిక్, దుమ్ము ఎక్కువైతే 7,500కే మార్చండి. ఫిల్టర్‌తో కలిపి దాదాపు 7 లీటర్లు పడుతుంది. ఒకేసారి మొత్తం పోయొద్దు. 6 లీటర్లు పోసి, ఇంజను ఒక నిమిషం తిప్పి ఆపి, అయిదు నిమిషాలు ఆగి గేజ్ పుల్ల చూసి మిగతాది కొంచెం కొంచెంగా కలపాలి. డ్రెయిన్ బోల్టు వాషర్ ప్రతిసారీ కొత్తది వేయించండి. పాతదాన్ని బిగించి బిగించి బోల్టు మర పాడుచేసుకున్న బండ్లు చాలా ఉన్నాయి.

ఆయిల్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ ఇంజను ప్రాణం మీదికి తెచ్చే జబ్బు అక్కడే బయటపడుతుంది. ఇంజెక్టర్ కూర్చునే చోట ఒక చిన్న రాగి వాషర్ ఉంటుంది. అది వదులైతే మండిన వాయువు పైకి తన్నుకొచ్చి, మసిగా ఆయిల్లో కలుస్తుంది. ఆ మసి గట్టిపడి కిందకి దిగి, ఆయిల్ పంపు పీల్చుకునే జల్లెడను మూసేస్తుంది. అప్పుడు గేజ్ పుల్ల మీద ఆయిల్ నిండుగానే ఉంటుంది, బేరింగులకి మాత్రం అందదు. గుర్తులు ఇవి: పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొన్ని క్షణాలు టకటక, ఆయిల్ మూత లోపల గట్టి నల్లటి పెచ్చు, వేడెక్కాక ఐడిల్‌లో (బండి నిలబడి ఇంజను మాత్రమే నడుస్తున్నప్పుడు) ఆయిల్ లైటు మినుకుమనడం. ఆ లైటు ఒక్కసారి మినుకుమన్నా బండి పక్కకి ఆపి, లాగించుకునే షెడ్డుకి తీసుకెళ్లాలి. "ఇంటిదాకా పోదాం" అనుకుంటే క్రాంక్ పోతుంది. అంతదాకా రాకుండా, రెండు లక్షల కిలోమీటర్ల దగ్గర ఇంజెక్టర్లు తీయించి రాగి వాషర్లు మార్పించండి. అదే చేత్తో ఆయిల్ చాంబర్ దింపి జల్లెడ చూపించండి. తీసిన వాషర్ మళ్లీ వేయకూడదు. ఇంజెక్టర్ తల మీద కోడ్ ఉండే రకమైతే ఏది ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టించి అక్కడే బిగించమనండి.

అన్ని ఇబ్బందులకీ ఇంజెక్టర్లనే తప్పుపట్టడం షెడ్లలో అలవాటైపోయింది. ఐడిల్ ఎగిరి పడుతూ, సిగ్నల్ దగ్గర బ్రేకు వేస్తే బండి ఆగిపోతుంటే ముందు చూడాల్సింది డీజిల్ పంపు మీదుండి, పంపులోకి వెళ్లే డీజిల్‌ని అదుపు చేసే సక్షన్ కంట్రోల్ వాల్వు. డీజిల్‌లో మురికి, నీరు ఉంటే అది అరిగి ఇరుక్కుంటుంది. మార్చాక స్కానర్‌తో లెర్నింగ్ (కొత్త వాల్వును ఇంజను కంప్యూటర్‌కి అలవాటు చేయడం) చేయించాలి, లేకపోతే కొత్తది వేసినా తేడా కనిపించదు. నాలుగు ఇంజెక్టర్ల ఖర్చుతో పోలిస్తే దీని ఖర్చు చాలా తక్కువ.

డీజిల్ ఫిల్టర్ 20,000కి మార్చండి. ఫిల్టర్ లైటు వెలిగితే నీరు చేరిందని అర్థం. ఇంజను ఆపి, ఫిల్టర్ కింద గిన్నె పెట్టి, అడుగు ప్లగ్గును రెండు రెండున్నర చుట్లు వదులు చేసి, పైనున్న చేతి పంపును నొక్కుతూ ఉంటే నీళ్లు పోయి శుభ్రమైన డీజిల్ వస్తుంది. అప్పుడు ప్లగ్గు చేత్తోనే బిగించి, పంపు గట్టిపడేదాకా మళ్లీ నొక్కి స్టార్ట్ చేయాలి. పది నిమిషాల పని, ఎవరైనా ఇంటి దగ్గరే చేసుకోవచ్చు. డ్రమ్ముల్లో తెచ్చిన డీజిల్ మాత్రం ఎంత చవకైనా పోయించకండి.

టైమింగ్ బెల్టు ఉన్న ఇంజను ఇది. లక్షన్నర కిలోమీటర్లు దాటనివ్వకూడదు. ఊళ్లో తిరిగే బండికి లక్ష దగ్గరే మార్చడం మంచిది, ట్రాఫిక్‌లో నిలబడి తిరిగిన గంటలు మీటరులో కనపడవు కాబట్టి. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్ల మీద పడతాయి. బెల్టుతోపాటు టెన్షనర్, ఐడ్లర్ పుల్లీ కూడా మార్పించాలి. బెల్టు మార్చే వేళైందని చెప్పే టి-బెల్ట్ లైటును బెల్టు మార్చకుండా రీసెట్ చేసి వదిలేసిన బండ్లు సంతలో ఉన్నాయి, జాగ్రత్త.

కూలెంట్‌లో బోరు నీళ్లు కలపొద్దు. మన నేలల్లో ఉప్పు, సున్నం ఎక్కువ. రేడియేటర్ గొట్టాల్లో పాచి కట్టి ఎండాకాలం ఘాట్‌లో వేడెక్కిస్తుంది. ఎర్ర కూలెంట్‌ని రెండేళ్లకో 40,000కో మార్చాలి, గులాబీ రంగుది ఎక్కువ కాలం వస్తుంది. ఈ రెండూ కలపకూడదు. టర్బో గురించి ఒక్క అలవాటు చాలు: హైవే మీద నుంచి నేరుగా వచ్చి ఆపితే ఒక నిమిషం, ఘాట్ ఎక్కాక రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి తాళం తిప్పండి.

నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టర్, టర్బో గొట్టం చిరుగు, ఈజీఆర్ వాల్వు (పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపేది) మసి, ఈ వరుసలో చూడాలి. ఎయిర్ ఫిల్టర్‌కి గాలి కొట్టేటప్పుడు లోపలి నుంచి బయటికి కొట్టాలి. బయటి నుంచి కొడితే దుమ్ము కాగితంలోకే దిగుతుంది. ముందు టైరు లోపలి అంచు అరుగుతుంటే అలైన్‌మెంట్ చేయించే ముందు లోయర్ ఆర్మ్ బుష్‌లు చూడండి. బుష్ పోయిన బండికి అలైన్‌మెంట్ నిలవదు. గేరు వేసి క్లచ్ వదిలేటప్పుడు కింద నుంచి "టక్" మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్. గ్రీజు నిపుల్ ఉన్న చోట ప్రతి సర్వీసులో గ్రీజు పట్టించమని చెప్పి, పక్కన నిలబడి చూడండి, ఎందుకంటే బండి కిందకి దూరే ఈ పనిని చాలామంది వదిలేస్తారు.

కొత్తవాటి సంగతి క్లుప్తంగా. 2016లో వచ్చిన క్రిస్టా 2.4లో బెల్టు పోయి చెయిన్ వచ్చింది, 150 హార్స్‌పవర్‌తో పికప్ కొరత తీరింది. బీఎస్6 వాటిలో ఎగ్జాస్ట్ మసి ఫిల్టర్ ఉంటుంది; రోజూ అయిదు కిలోమీటర్లే తిరిగేవాళ్లకి అది తగదు. 2022లో వచ్చిన హైక్రాస్ పేరు ఇన్నోవాదే అయినా విడి ఛాసిస్ లేని, ముందు చక్రాలతో నడిచే పెట్రోల్ బండి; పెట్రోల్ ఇంజనుకి కరెంటు మోటారు తోడైన హైబ్రిడ్ రకం కూడా ఉంది. ఆ హైబ్రిడ్ 1997లో వచ్చిన టయోటా ప్రియస్ కారు వారసత్వం. ఇంకొకటి దాచకుండా చెప్పాలి. డీజిల్ ఇంజన్ల హార్స్‌పవర్ ధ్రువీకరణ పరీక్షల్లో అవకతవకలు జరిగాయని 2024 జనవరిలో బయటపడి, మన దగ్గర కూడా క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ పంపిణీ కొన్నాళ్లు ఆగింది. తప్పు జరిగింది మగ్గాలతో మొదలైన ఆ పాత సంస్థ, టయోటా ఇండస్ట్రీస్‌లోనే. తెగిన పోగును దాచకూడదన్నది ఆ ఇంటి మొదటి పాఠం కాబట్టి, ఈ బండిని ప్రేమించేవాళ్లకి అది మరీ బాధ కలిగించింది.

పాతది కొనేవాళ్లకి: టాక్సీగా తిరిగి తెల్ల బోర్డుకి మారినవి చాలా ఉంటాయి. మీటరు నమ్మకుండా పెడల్ రబ్బర్లు, డ్రైవర్ సీటు అంచు, నడిమి వరుస బెల్టుల అరుగుదల చూడండి. కాకినాడ, మచిలీపట్నం లాంటి తీరప్రాంతపు బండి అయితే లిఫ్ట్ ఎక్కించి ఛాసిస్ అతుకులు, బ్రేకు పైపులు, స్టెప్నీ వేలాడే గొలుసు తుప్పు చూడాలి. ఆర్సీ 15 ఏళ్లకి ముగుస్తుంది, ఆ తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. తేదీ చూసుకుని బేరమాడండి. ఇంజను రాత్రంతా చల్లగా ఉన్న బండినే స్టార్ట్ చేయించండి. మీరు వెళ్లేసరికే వేడిగా ఉంటే మర్నాడు పొద్దున వస్తామని చెప్పండి.

ఇవన్నీ చూసే ముందు ఒక పని చేయండి. స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి మీటరు వైపు చూడండి. ఆయిల్ లైటు, చెక్ ఇంజన్ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. వీటిలో ఏదైనా అసలు వెలగకపోతే, ఎవరో దాని బల్బు తీసేసి ఉండొచ్చు, లేదా అది పాడై ఉండొచ్చు. ఆ బండి ఎంత మెరుస్తున్నా తాళం తిరిగి ఇచ్చేయండి.